బియ్యపు గింజలో సగం

ఐరాల,
5-3-1979, సోమవారం

తమ్ముడు ధనంజయకు,

అక్క భారతమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికే కలం పట్టుకున్నాను. కానీ ఇంజను ఆగిపోయి ఇవాళ్టికి ఆరు రోజులు. రెండెకరాల చెరకు వాడిన ముఖం వేసుకుని నన్ను చూస్తుంటే క్షేమం అన్న మాట ఎట్లా రాయమంటావు?

జరిగింది విను. శివరాత్రి మర్నాడు నా మరిది చెంగయ్య వచ్చి, "వదినా, శెనక్కాయ వాడిపోతాండాది, ఎద్దుకు కాలు బాగలేదు, రెండు దినాలు ఇంజను ఇస్తావా" అని అడిగాడు. ఆయన ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడుకునేదీ, నేను ఇంజనుతో తోడుకునేదీ ఒకే బావి, అన్నదమ్ములిద్దరిదీ. మూడు రోజులు నా వంతు, మూడు రోజులు ఆయన వంతు. ఇంజను మాత్రం మీ బావ కొన్నది, ఆయన పోయాక నాది. అయినా అడిగిన వెంటనే ఇచ్చాను. ఏనాడైనా లేదన్నానా?

నా వంతు వచ్చింది. పెట్రోలు పోసి తిప్పితే బుర్రుమని లేచింది. కిరసనాయిలుకు మార్చానో లేదో, ముసలాయన దగ్గినట్టు నాలుగుసార్లు దగ్గి ఆగింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అంతే. నా భుజం పడిపోయిందిగానీ అది లేవలేదు. చెంగయ్యను పిలిచి అడిగితే, "కార్బొరేటరు గిన్నెలో మడ్డి ఉంటే ఇప్పి తుడిసినాను వదినా, అంతే" అంటున్నాడు. విప్పమని ఎవరు చెప్పారు? దసరా ఆయుధపూజకు నువ్వు వచ్చి నీ చేతులతో శుభ్రం చేసి బొట్టుపెట్టి పోయావు. అయిదు నెలలు ఒక్కసారి దగ్గలేదు. ఆయన చేయి పడిన రెండు రోజులకే మూలపడింది. దీనికి పంచాంగం చూడాలా?

కార్బొరేటరు ఊడదీసి బస్సు కండక్టరు దొరస్వామి చేతికిచ్చి పంపుతున్నాను. ఆ బస్సు పొద్దున ఇక్కడ బయలుదేరి నీ దగ్గరికి వచ్చి, సాయంత్రానికి తిరిగి వస్తుంది కదా. లోపల ఏం చేసిపెట్టాడో చూసి, ఉన్నది ఉన్నట్టు రాయి. నా మనసు నొచ్చుకుంటుందని దాచొద్దు.

నీ అక్క,
భారతమ్మ

సామాను చుట్టినది నా పాత చీర గుడ్డ. నీ అంగట్లో మసిగుడ్డ చేసుకోకుండా తిరిగి పంపు.

*

తిరుపతి,
9-3-1979

అక్కకు ధనంజయ నమస్కారాలు.

సామాను చేరింది. చేరిన విధం వింటే నీకే కోపం వస్తుంది. నీ దొరస్వామి దాన్ని తిరుచానూరులో పూలమ్మే ఒకామె గంప మీద పెట్టి తెచ్చాడు. కనకాంబరాలన్నీ కిరసనాయిలు కంపు కొట్టాయని ఆమె నా అంగడి ముందు నిలబడి పావుగంట తిట్టింది. పైన మేడ మీద వకుళాదేవిగారు పిల్లలకు వీణ పాఠం చెబుతున్నారు. ఆ పాఠం ఆపి మరీ ఆమె కిటికీలోంచి తొంగి చూశారు. అంగడి అద్దెకిచ్చిన ఇల్లుగలావిడ ముందు నా మర్యాద ఏమైందో నువ్వే ఊహించుకో.

సరే, అసలు సంగతికి వస్తాను. కార్బొరేటరు అడుగున జెట్టు అని ఒక ఇత్తడి మొల ఉంటుంది. దాని నడుమ వెంట్రుక దూరేంత బెజ్జం. ఇంజను తాగే నూనె అంతా ఆ బెజ్జంలోంచే పోవాలి. నీ జెట్టును వెలుతురుకు పట్టి చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. బెజ్జంలో ఇనుప ముక్క బిగుసుకుని ఉంది. పెట్రోలు పలచన కాబట్టి సందులోంచి కారింది. కిరసనాయిలు కారలేదు. అదీ దగ్గు.

మడ్డి అయితే నేనేమీ అనను. ఇనుము దానంతట అది నడిచి లోపలికి పోదు. ఎవడో పిన్నీసో సూదో పెట్టి పొడిచాడు. విరిగింది. విరిగిందని తెలిసీ నోరు మూసుకుని బిగించి ఇచ్చాడు. ఇలాంటివాళ్ళను ఇంజను దరిదాపులకు రానివ్వకూడదు. జెట్టును పొడవడమంటే కంట్లో పుల్ల పెట్టడమే. నేను వకుళాదేవిగారు పారేసే పాత వీణ తీగలు దాచుకుంటాను. చివర సుత్తితో చదును చేసి కొక్కెంలా వంచి, దానితో మడ్డిని మెల్లగా బయటికి లాగుతాను. ఎన్నేళ్ళ నుంచో చేస్తున్నాను, పనితనం అంటే అది.

ముక్క తీయడానికి ప్రయత్నం చేస్తున్నాను. తొందరపెట్టకు. బలవంతం చేస్తే బెజ్జం పెద్దదై జెట్టు పనికిరాకుండా పోతుంది. ఈ పాతకాలం ఇంజనుకు వేరే జెట్టు మద్రాసులో కూడా దొరకదు.

తమ్ముడు,
ధనంజయ

చీర గుడ్డ భద్రంగా ఉంది. ఉతికించాను కూడా.

*

ఐరాల,
14-3-1979

ధనంజయకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. నాలుగోసారి పంచాయతీ మెంబరు మునిరత్నం చేత చదివించాను, పాల డిపో ముందర, పాలు పోయడానికి వచ్చినవాళ్ళంతా వింటుండగా. చెంగయ్య కూడా చెంబు పట్టుకుని వరుసలో ఉన్నాడు. "విరిగిందని తెలిసీ నోరు మూసుకుని బిగించి ఇచ్చాడు" అన్న మాట దగ్గర మునిరత్నం కొంచెం తటపటాయించాడు. చదవవయ్యా అన్నాను.

చెంగయ్య ముఖం మాడిపోయింది. "నేను సూది తాకించలేదు వదినా. గిన్నె ఇప్పినాను, తుడిసినాను, మూసినాను" అన్నాడు. ఆ ఒక్క మాటే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఆయన పెళ్ళాం దేవకమ్మ మాత్రం, మొగుడు లేనిదానికి ఇంజను ఒక మొగుడైందని నలుగురిలో నన్ను అనింది. ఇంకా ఊరుకోమంటావా? తిరుపతిలో పేరున్న మెకానిక్కు, నా ఒడిలో పెరిగినవాడు, ఇనుప ముక్క కళ్ళతో చూసి రాస్తే అది అబద్ధం, ఈయన చెప్పింది నిజమా?

అయితే ఆ మాట కాణిపాకంలో చెప్పు అన్నాను.

మునిరత్నం, అంతదాకా ఎందుకమ్మా, ఇంటి మనుషులు అన్నాడు. కాణిపాకం ప్రమాణమంటే ఏమిటో నీకు చెప్పనక్కరలేదు. కోనేట్లో మునిగి, తడిబట్టలతో స్వామి ముందు నిలబడి చెప్పాలి. చెప్పింది అబద్ధమైతే ఇక వాడు బాగుపడడు. నిజమే అయినా మన పక్క పద్ధతి తెలుసు కదా, ప్రమాణం పెట్టించిన ఇల్లూ చేసిన ఇల్లూ ఆ తర్వాత ఒకరి చేతి నీళ్ళు ఒకరు ముట్టరు. అన్నీ తెలిసే అన్నాను. వెనక్కి తీసుకోను.

దానికి ముందురోజు ఆయన, ఎద్దు నడుస్తోంది, నీ వంతులో కపిల తోలి చెరకు తడిపిస్తానని కబురు చేశాడు. చేసిన తప్పు కడుక్కోవడానికి కాకపోతే ఈ ప్రేమ ఎందుకు? నాకు నీ ఎద్దుల నీళ్ళు వద్దని చెప్పి పంపాను.

ఇంతకూ బొటనవేలంత సామానుకు పది రోజులా? స్కూటర్లవాళ్ళు వస్తే అక్క సామాను అటకెక్కుతుందని నాకు తెలియదా? ఇక్కడ చెరకు ఆకు చివరలు పసుపు తిరిగాయి.

భారతమ్మ

*

తిరుపతి,
17-3-1979

అక్కకు,

నాకు రాసిన ఉత్తరం నాకు, నీకు రాసిన ఉత్తరం నీకు. ఊరందరినీ నిలబెట్టి చదివించమని నేను రాశానా? మునిరత్నం నోట్లో నా మాటలు ఎట్లా పలికాయో తలుచుకుంటేనే చికాకుగా ఉంది. ముందు తెలిస్తే ఇంకాస్త మర్యాదగా రాసేవాడిని. కానీ రాసింది రాసిందే. నేను చూడనిది రాయలేదు.

స్కూటర్ల మాట అన్నావు. ఈ వారం నా అంగడి ముందు ఆగిన బండ్లను వెనక్కి పంపి నీ జెట్టుతోనే కూర్చున్నాను. కిరసనాయిల్లో రెండు రోజులు నానబెట్టాను. వేడినీళ్ళలో ముంచి తీశాను. వెనక వైపు నుంచి సైకిలు పంపుతో గాలి కొట్టాను. చీపురు పుల్ల చెక్కి నెట్టాను. కదిలితే ఒట్టు. చివరికి గడియారాలు బాగుచేసే దేవనాథన్ గారి దగ్గరికి పోయాను. ఆయన కంటికి అద్దం బిగించి చూసి, పటిక నీళ్ళు వేడి చేసి అందులో వేసిపెట్టమన్నారు. పటిక ఇనుమును మెల్లగా తినేస్తుందట, ఇత్తడిని ఏమీ చేయదట. గడియారాల్లో మరలు విరిగితే వాళ్ళు చేసే పని అదే. నాలుగైదు రోజుల్లో ముక్క మొత్తం కరిగిపోతుందని చెప్పారు. మొదలుపెట్టాను. రోజూ పటిక నీళ్ళు మార్చి మళ్ళీ వేడి చేస్తున్నాను.

కాణిపాకం సంగతి నన్ను అడగలేదు, అయినా చెబుతున్నాను. నువ్వు అన్నదాంట్లో తప్పు లేదు. తప్పు చేయనివాడికి ప్రమాణమంటే భయమెందుకు? చెంగయ్య బావ మునిగి చెప్పమను, సరిపోతుంది. పనితనం లేనివాళ్ళు చేయి పెట్టి చెడగొట్టడం, మెకానిక్కులు మాట పడడం నేను చాలా చూశాను.

ధనంజయ

*

ఐరాల,
20-3-1979

ధనంజయకు,

కార్డు ముక్కలో రాస్తున్నాను, చోటు లేదు. చెంగయ్య ఒప్పుకున్నాడు. ఈ ఆదివారం, 25వ తేదీ పొద్దున కాణిపాకంలో ప్రమాణం. మునిరత్నం సాక్షిగా వస్తాడు.

ఒప్పుకున్నప్పుడు ఒకటే మాట అన్నాడు. "అన్న పాడెకు ముందు నా భుజమే పెట్టినాను వదినా. ఇనుప ముక్కకు నన్ను ముంచుతాండావు." ఆ రాత్రి అన్నం సహించలేదు, నిజమే రాస్తున్నాను. కానీ చేసినవాడు చేశానంటే పోయేది కదా. ఎందుకనడు? ఆ మొండితనానికే నాకు మంట.

శనివారం లోపల ముక్క వచ్చినా రాకపోయినా కార్బొరేటరు పంపు. ముక్క వస్తే దాన్నీ పొట్లం కట్టి పంపు. స్వామి ముందు పెట్టిస్తాను.

భారతమ్మ

*

తిరుపతి,
24-3-1979, శనివారం

అక్కకు,

ఈ ఉత్తరం ఎట్లా మొదలుపెట్టాలో తెలియక రెండు కాగితాలు చించేశాను.

గురువారం సాయంత్రం జెట్టును పటిక నీళ్ళలోంచి తీసి తెల్ల కాగితం మీద గాలి కొట్టాను. ముక్క ఊడిపడింది. బియ్యపు గింజలో సగం ఉంటుంది. దేవనాథన్ గారి అద్దం అడిగి తెచ్చి చూశాను. ఒక పక్క పటిక తినేసింది. రెండో పక్క చదునుగా ఉంది, కొక్కెంలా వంగి ఉంది. సూది కాదు, పిన్నీసు కాదు. సుత్తితో చదును చేసిన వీణ తీగ.

ఆ పని ఈ జిల్లాలో నేను తప్ప ఎవరూ చేయరు.

తీగలు పెట్టుకునే రేకు డబ్బా కుమ్మరించి చూశాను. చివర కొక్కెం లేని తీగ ఒకటి ఉంది. అప్పుడు దసరానాడు జరిగింది గుర్తుకొచ్చింది. మీ బావి గట్టున జెట్టు తుడుస్తున్నాను. నువ్వు వడలు చల్లారిపోతున్నాయని రెండుసార్లు కేకేశావు. తీగ బయటికి తీస్తే పొట్టిగా కనిపించింది. కొక్కెం కింద ఎక్కడో రాలిందిలే అనుకుని బిగించేశాను. ముక్క అయిదు నెలలు అడుగున మడ్డిలో పడి ఉన్నట్టుంది. చెంగయ్య బావ గిన్నె తుడిచినప్పుడు మడ్డి కదిలి, నూనెతో పాటు లేచి బెజ్జంలో దిగబడింది. ఆయన చేసిన తప్పల్లా శుభ్రం చేయడమే.

ఇంకొక్క రోజు పటికలో ఉంచి ఉంటే కొక్కెం కూడా కరిగిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. ఉంచుదామని నాకు అనిపించింది అక్కా. ముక్కను మళ్ళీ పటిక నీళ్ళ దాకా తీసుకుపోయి, చివరికి పొట్లం కట్టాను.

కార్బొరేటరు బాగైంది. ఇవాళ దొరస్వామి బస్సులో పంపాను. ముక్క నా దగ్గరే ఉంది. ఈ ఉత్తరం ఇప్పుడే పోస్టు డబ్బాలో వేస్తున్నాను, రేపటికి చేరుతుందనుకుంటాను. ప్రమాణం మాన్పించు.

ధనంజయ

*

ఐరాల,
28-3-1979

ధనంజయా,

ఆదివారం టపా ఉండదని తిరుపతిలో తెలియదా? నీ ఉత్తరం మంగళవారం చేరింది.

ఆదివారం ఏం జరిగిందో విను. శనివారం సాయంత్రం నీ కార్బొరేటరు వచ్చింది, ఉతికిన చీర గుడ్డలో శుభ్రంగా చుట్టి. ముక్క లేదు, చీటీ లేదు. సరే, ముక్క కరిగిపోయి ఉంటుంది, మాట మారలేదు కాబట్టే చీటీ పెట్టలేదు అనుకున్నాను. దాన్నే ఒళ్ళో పెట్టుకుని కాణిపాకం బస్సెక్కాను. చెంగయ్య కోనేట్లో మూడు మునకలు వేశాడు. యాభై దాటిన మనిషి, వణుకుతూ వచ్చి స్వామి ముందు నిలబడి, "నా వదిన ఇంజనులో నేను ఇనుము పెట్టలేదు, పెట్టి దాచలేదు" అన్నాడు. దేవకమ్మ స్తంభానికి ఆనుకుని ఏడుస్తోంది. నేను కార్బొరేటరు పట్టుకుని నిలబడ్డాను. స్వామి ముందు అందరికంటే పెద్ద అబద్ధం నా చేతిలోనే ఉంది, నాకు తెలియదు.

బయటికి వచ్చి, జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా ఆయన నాతో అన్న మాట రాస్తున్నాను. "అయిపాయ. ఇంక నువ్వు నాకు వదినెవు కావు, నేను నీకు మరిదిని కాను. బావిని మాత్రం పగలగొట్టి పంచుకోలేము గదా. వంతు వంతుకు వచ్చి పోదాం." మాతో బస్సెక్కలేదు. తడిబట్టలతోనే ఊరిదాకా నడిచి పోయాడు.

సోమవారం ఇంజను బిగించాను. ఒక్క దగ్గు లేకుండా తిరిగింది. చెరకు కాలవల్లోకి నీళ్ళు పారుతుంటే, గెలిచానని నడుముకు చెంగు దోపుకుని నిలబడ్డాను. నా బుద్ధి తగలెయ్యా. మర్నాడు నీ ఉత్తరం.

నాకు ఇప్పుడు ఒక్కటి చెప్పు. గురువారం సాయంత్రం నీకు తెలిసింది. శుక్రవారం బస్సు ఉంది. శనివారం బస్సు ఉంది. తంతి ఆఫీసు ఉంది. ఏదీ వద్దు, సామాను పంపిన కండక్టరు చేతికే ఈ ఉత్తరమూ ఇచ్చి ఉంటే శనివారం సాయంత్రమే నా ఒళ్ళో పడేది. సామానును బస్సెక్కించి, నిజాన్ని డబ్బాలో వేశావు. ఎందుకు?

రేపు ఉగాది. మీ బావ పోయిన నాలుగేళ్ళ నుంచి ఉగాదినాడు నా చేలో తొలి సాలు చెంగయ్యే దున్నేవాడు. రేపు ఎవరు దున్నుతారు, నువ్వు వస్తావా వీణ తీగ పట్టుకుని?

ఎప్పుడొస్తావో రాయి. పాల డిపో ముందర, అదే జనం ఎదుట, శనివారం రాసిన ఈ ఉత్తరం నీ నోటితో నువ్వే చదవాలి. మునిరత్నం చేత చదివించను.

భారతమ్మ

*

తిరుపతి,
31-3-1979

అక్కకు,

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తున్నాను. కండక్టరు చేతికిస్తే శనివారమే చేరుతుందని నాకు తెలుసు. అందుకే ఇవ్వలేదు.

నా మాట ఊరందరూ విన్నారు. ఐరాల చుట్టుపక్కల ఇంజన్లన్నీ నా దగ్గరికే వస్తాయి. విరిచింది నేనే అని తెలిస్తే ఎవడు వస్తాడు? తప్పు చేయనివాడు ప్రమాణం చేస్తే ఆయనకు పోయేదేమీ లేదు, అది జరిగిపోయాక నీకొక్కదానికే మెల్లగా చెప్పుకోవచ్చు అనుకున్నాను. అందుకే డబ్బాలో వేశాను. రేపటికి చేరుతుందని రాయడం కూడా అబద్ధమే.

కానీ అక్కా, అంతా నా నెత్తిన వేయడం కూడా న్యాయం కాదు. ఉత్తరం చదివించింది ఎవరు? కాణిపాకం పేరెత్తింది ఎవరు? ఆయన కపిల తోలిస్తానంటే కాదన్నది ఎవరు? నేను తీగ విరిచాను. ఇల్లు విరిచింది ఇద్దరం. ఇది కోపంతోనే రాస్తున్నాను, చింపేయను.

చెంగయ్య బావ ఇంటికి ఒంటరిగా పోయి కాళ్ళు పట్టుకుందామని మొదట అనుకున్నాను. అది నాకు సులువు. అందుకని వద్దు. 8వ తేదీ ఆదివారం, పాలు పోసే వేళకు వస్తాను. ముక్క తెస్తాను.

ధనంజయ

*

ఐరాల,
27-4-1979

తమ్ముడికి,

నువ్వు వచ్చి పోయి మూడు వారాలవుతోంది. రాయకపోవడానికి కోపం కారణం కాదు. రాయడానికి ఏమీ జరగలేదు, అందుకని.

ఆ రోజు నువ్వు ఉత్తరం చదువుతున్నంతసేపూ తల ఎత్తలేదు, కాబట్టి చూసి ఉండవు. చెంగయ్య పాల చెంబు కింద పెట్టలేదు. చివరి దాకా అట్లాగే పట్టుకుని విన్నాడు. నువ్వు పొట్లం విప్పి ముక్క ఆయన అరచేతిలో పెట్టినప్పుడు, కంటికి దగ్గరగా తెచ్చుకుని చూసి, "ఇంతేనా, దీనికేనా నన్ను ముంచింది" అన్నాడు కదా. అది నిన్ను అడిగాడని నువ్వు అనుకున్నావు. ఆయన చూసింది నా వైపు. నీకు బస్సు వేళైంది, వెళ్ళిపోయావు. నేను అక్కడే నిలబడి, జనం ముందు, నాదే తప్పు చెంగయ్యా అన్నాను. చెంబు ఎత్తుకుని పోయాడు. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన దేవుడి ముందు చేసింది వెనక్కి రాదని మునిరత్నం నాకు నచ్చజెప్పాడు. నాకు తెలియదా? నాకు కోపమొచ్చి ఆయన్నీ నాలుగు మాటలన్నాను.

ఉగాదికి నా చేలో సాలు పడలేదు. ఎవరినీ పిలవలేదు.

మాటతో కానిది పనితో చేద్దామనుకున్నాను. నా వంతు రాగానే ఇంజను వేసి, ముందుగా ఆయన శెనక్కాయ చేనికి నీళ్ళు తిప్పాను. ఆయన చూశాడు. ఒక్క మాట లేకుండా పారతో మట్టి వేసి మడవ కట్టి, నీళ్ళు నా చెరకుకు మళ్ళించి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. తిట్టు, కొట్టు, ఈ మూగనోము ఏమిటి? మర్నాడు మళ్ళీ తిప్పాను. మళ్ళీ కట్టాడు. తర్వాతి వంతులోనూ ఇదే. నేను విప్పడం, ఆయన కట్టడం. ఊళ్ళో నీళ్ళు దొంగిలించి కొట్టుకునేవాళ్ళను చూశాంగానీ వీళ్ళెవరని జనం నవ్వుకున్నారట. నవ్వనీ అనుకున్నాను. ఆయన మొండి అయితే నేను అంతకంటే మొండి.

మొన్న బుధవారం మూడోసారి నా వంతు వచ్చింది. పొద్దున్నే ఇంజను వేసి, ఈసారి మడవ కట్టడానికి వీల్లేకుండా కాలవ గట్టు పెద్దగా తెగ్గొట్టాను. నీళ్ళు బారెడు వెడల్పున ఆయన చేలోకి పోతున్నాయి. పార భుజాన వేసుకుని చెంగయ్య పరుగున వచ్చాడు. అంత దూరం నుంచే మొదలుపెట్టాడు.

"ఏమి వదినా, నీకేమన్నా మతి పోయిందా? కాయ ముదిరి పీకే దినాల్లో ఉండాది, ఇప్పుడు నీళ్ళు కడితే భూమిలోనే మొలకెత్తదా? సేద్యం చేసినదానివి, ఆ మాత్రం తెలీదా నీకు? ఆడ నీ చెరుకు ఎండతాండాది, ఈడ నా కాయ కుళ్ళబెడతాండావు. పో, ఆ ఇంజను ఆపు ముందు."

నాకు తెలియక కాదు తమ్ముడూ. రెండు వంతుల నుంచి ఆయన ఎందుకు కడుతున్నాడో పంటను చూస్తే తెలిసేది. పంతంలో ఆయన పార వైపు చూశానుగానీ పంట వైపు చూడలేదు. మార్చి నెలలో చేసిందీ అదే. పరుగున పోయి ఇంజను ఆపాను.

తిరిగి వచ్చేసరికి ఆయన మోకాళ్ళ లోతు బురదలో నిలబడి మట్టి వేస్తున్నాడు. నన్ను ఏమని పిలిచాడో అప్పటికి ఆయనకూ తట్టినట్టుంది. తల ఎత్తలేదు. నేనూ ఆ మాట ఎత్తలేదు. రెండో పార ఉంటే నేను రెండో పక్క నుంచి మట్టి వేశాను. గండి పూడింది. పోతూ పోతూ, శుక్రవారం శెనక్కాయ పీకుతున్నామని, కూలీలు ఇద్దరు తక్కువయ్యారని గాలికి చెప్పినట్టు చెప్పాడు.

ఇవాళే శుక్రవారం. దేవకమ్మ ఇంకా నాతో మాట్లాడదు. వాళ్ళింట్లో నీళ్ళు అడగను, వాళ్ళూ ఇవ్వరు, ప్రమాణం ప్రమాణమే. నా చెంబు నేను నింపుకున్నాను. తలకు గుడ్డ చుట్టుకుని శెనక్కాయ పీకడానికి పోతున్నాను, ఈ ఉత్తరం దారిలో దొరస్వామి చేతికిస్తాను.

నీ అక్క,
భారతమ్మ